క్లాసులో కడిగిన ముఖం

నవంబరు 1992, శనివారం. ఫిల్మ్ నగర్.

ముఖం మీద ఎర్రమచ్చలు తేలే లూపస్ జబ్బున్న మాలాంటి రోగులకు డాక్టరమ్మ పెట్టే క్లాసుకు ఇవాళ షూటింగ్ నుంచి మేకప్‌తోనే వెళ్లాను. “ఎండే కాదు, స్టూడియో లైట్లూ పడకపోవచ్చు. పనిచేసేచోట చెప్పండి, దాచకండి,” అందావిడ. బుద్ధిగా రాసుకున్నాను.

పక్కన కూర్చునే బోరబండ యాదమ్మ నవ్వింది. “ఏందక్కా, గీడ గూడ రంగేసుకొచ్చినవ్? పోయి మొఖం కడుక్కో. అందరం మచ్చలోళ్లమే గద!”

కడుక్కున్నాను. చెంపల మీది ఎరుపుతో గంటసేపు నలుగురిలో కూర్చుంటే ఎంత హాయిగా ఉందో.

క్లాసయ్యాక గేటు దగ్గర ప్రొడక్షన్ కారు కనబడింది. మళ్లీ లోపలికెళ్లి పాన్‌కేక్ మేకప్ పూసుకుంటుంటే యాదమ్మ వచ్చింది.

“చెప్తె ఏమైతది?”

“అమ్మ వేషం ఇంకొకరికి పోతుంది. రేపే, ఎండలో సీను.”

ఎండలో నిలబడితే జబ్బు కిడ్నీల దాకా వస్తుందని కూడా రాసుకున్నాను కదా...

యాదమ్మ ఈసారి నవ్వలేదు. నా ముక్కు పక్కన వేలితో చూపించి, “గీడ జర కనవడ్తున్నది,” అంది.