తెర కింద నిమ్మగడ్డి

12 నవంబరు 1992, గురువారం రాత్రి

పోయినేడాది యుద్ధమప్పుడు అమ్మ నర్సుగా చేసే వార్డుకి రోజూ సూప్ పంపిన సోంచాయ్ వండే థాయ్ హోటల్‌కి ఈరోజు భోజనానికి వెళ్ళాం. ఫ్యామిలీ క్యాబిన్‌లో, ఈ అరబ్బు దేశపు రివాజు ప్రకారం బయటి మగవాళ్ళకి కనపడకుండా తెర వేసుకుని కూర్చున్నాం. రొయ్యల సూప్ వచ్చింది. అందులోని నిమ్మగడ్డి వాసనకి తగిన మాట ఇంకా దొరకలేదు. ‘పరిమళం’ అంటే మరీ పెళ్ళిపందిరిలా ఉంది.

రాత్రి ఇషా నమాజు వేళకి హోటల్ షట్టర్ దించగానే తెర కింద సోంచాయ్ చెప్పులు కనిపించాయి. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

“సిస్టర్, ఊళ్ళో మా అమ్మకి కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడటం లేదట. ఇంటికెళ్ళడానికి రంజాన్ దాకా ఆగొచ్చా?”

“డ్యూటీ ఇక్కడికీ వచ్చిందే,” అన్నారు నాన్న. అమ్మ నవ్వలేదు.

మేమైతే సెలవుకి వెళ్ళి తిరిగి రావచ్చు. వెళ్ళిన థాయ్ వాళ్ళని మాత్రం, ఒక థాయ్ పనివాడు ఇక్కడి రాజుగారింట్లో నగలు దొంగిలించిన గొడవ తర్వాత, ఈ దేశం వాళ్ళు మళ్ళీ రానివ్వడం లేదు. సోంచాయ్ ఇల్లంతా ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది.

ఎవరేమడిగినా “డాక్టర్‌గారిని అడగండి” అనే అమ్మ, తెరవైపు చూసి, “ఆగకు తమ్ముడూ, వెళ్ళు,” అంది.

చెప్పులు వంటింట్లోకి వెళ్ళాయి. షట్టర్ లేచేలోపే తిరిగొచ్చాయి. తెర కింద నుంచి నిమ్మగడ్డి నాటిన నూనె డబ్బా ఒకటి లోపలికి జరిగింది.

“రోజూ నీళ్ళు పోయండి సిస్టర్. ఇక్కడ ఎండ ఎక్కువ.”

కారులో అమ్మ దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది. “తొందరపడి చెప్పానేమోనండీ,” అంది నాన్నతో.

ఇప్పుడు బాల్కనీలో మగ్గు చప్పుడు వినిపిస్తోంది. ఇంటికొచ్చాక అమ్మ ఆ నిమ్మగడ్డికి నీళ్ళు పోయడం ఇది రెండోసారి...