అమూల్య అడగని మాట

జగ్గయ్యపేట,
ఏప్రిల్ 28

ప్రియమైన చెల్లీ వాగ్దేవీ,

ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఉత్తరం రాస్తున్నా. మీ ఆయన ఉపేంద్ర పోయాక నీకు ఎవరితోనూ మాట్లాడాలని లేదని తెలుసు. చదివితే చాలు.

నీ కూతురు అమూల్య నా దగ్గర బాగానే ఉంది. సెలవులు కదా, మా వీధి పిల్లలందరినీ పొద్దున్నే వరండాలో కూర్చోబెడుతున్నా. బెండకాయ ముక్కల్ని రంగులో ముంచి కాగితాల మీద పూలు అద్దుతున్నారు. నిన్న మట్టి మూకుళ్ళకి రంగులేసి, పిట్టలకి నీళ్ళు పోసి గోడల మీద పెట్టారు. పక్కింటి సౌభాగ్యమ్మగారి గోడ మీది మూకుడు పగిలితే అమూల్య తనది ఇచ్చేసింది. ఐదేళ్ళ పిల్ల! "మరి ఆ పిట్టలు ఎక్కడ తాగుతాయి పెద్దమ్మా?" అంది.

నీ కోసం ఏడవడం లేదు. అసలు నీ గురించి అడగనే అడగడం లేదు. ఒక మాట, కోపం తెచ్చుకోకు. మాకా పిల్లల్లేరు. జూన్‌లో దాన్ని ఇక్కడే బడిలో వేద్దామా?

నీ మంచి కోరే
అక్క చూడామణి


నందిగామ,
మే 5

ప్రియమైన అక్కా,

నాకు కోపం రాలేదు. ఏదీ రావడం లేదు. ఆఫీసుకి వెళ్తున్నా, వస్తున్నా. అన్నం మాడితే మాడిందే తింటున్నా. కీసర దగ్గర లారీ గుద్దిన ఆయన బండిని మామగారు పోలీస్ స్టేషన్ నుంచి తెచ్చారు. కిటికీలోంచి చూసా. ఎవరిదో బండిలా అనిపించింది.

బడిలో వేసెయ్. నన్ను అడగడం లేదంటే నీ దగ్గర సుఖంగా ఉన్నట్టే. దాని బట్టలు, పుట్టినతేదీ సర్టిఫికెట్ పంపిస్తా.

ఉంటా,
వాగ్దేవి


జగ్గయ్యపేట,
మే 14

ప్రియమైన వాగ్దేవీ,

ఏమీ పంపకు. నువ్వే రా.

నిన్న పిల్లలతో మజ్జిగ కలిపించి, రంగులేసిన విసనకర్రలతో సహా హైవే మీద ఆగే లారీ డ్రైవర్లకి ఇప్పించాం. అమూల్యని ఇంట్లో ఉండమన్నా వినలేదు. ఒకాయనకి గ్లాసు అందించి, "నిదానంగా వెళ్ళు అంకుల్. మా నాన్నని లారీ గుద్దేసింది" అంది. ఆయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తిరిగొస్తూ నన్నడిగింది, "పెద్దమ్మా, అమ్మ కూడా చచ్చిపోయిందా?"

"ఎవరన్నారే?"

"నాన్నప్పుడు కూడా ముందు ఊరెళ్ళాడనే చెప్పారుగా. ఇప్పుడు అమ్మకి ఒంట్లో బాలేదని నువ్వన్నావుగా."

సుఖంగా ఉండి కాదే అది నిన్ను అడగనిది. అడిగితే మేం అవునంటామేమోనని. నువ్వు బతికే ఉన్నావని ఎంత చెప్పినా నా మొహం వంక చూస్తోంది గానీ నమ్మడం లేదు.

ఎదురుచూస్తూ,
అక్క


నందిగామ,
మే 19

ప్రియమైన అక్కా,

దాన్ని తీసుకొచ్చేశానని నీకు బాధగా ఉంటుంది. బడి ఇక్కడే. నువ్వే వస్తూ ఉండు.

మీ గుమ్మంలో నన్ను చూసి అది పరిగెత్తుకు రాలేదు, నువ్వూ చూసావు. నాకూ ఏడుపు రాలేదు. దాన్ని ఎత్తుకోవాలని కూడా తోచలేదు. బస్సులో పక్కన కూర్చుని చాలాసేపు నా చెయ్యి వంకే చూసింది. ఉన్నట్టుండి గట్టిగా గిల్లింది.

"నొప్పేసిందా?"

"వేసిందమ్మా."

నిజంగానే వేసింది అక్కా. ఆయన పోయాక నా ఒంటికి తెలిసింది అదొక్కటే.

మళ్ళీ గిల్లింది. నందిగామ వచ్చేదాకా గిల్లుతూనే ఉంది. నేను చెయ్యి తీసుకోలేదు.

నీ చెల్లి,
వాగ్దేవి