లూజింగ్ టీమ్‌కి మేడే విషెస్

హాయ్ తాతా... బాగున్నావా? నువ్వెళ్ళి అయిదు నెలలయింది. అమ్మ నీ ఫోన్ ఇంకా ఆపించలేదు, అందుకే దీనికే పంపిస్తున్నా.

గుడ్ న్యూస్! నీ పార్టీ వాళ్ళు రిప్లై ఇచ్చారు. నిజంగా!

అదే తాతా, సోవియట్ మళ్ళీ రావాలని రష్యాలో జెండాలు పట్టుకుని నిలబడతారే, ఆ చిన్న పార్టీ ముసలివాళ్ళు. ఫోన్‌లో వాళ్ళ మీటింగ్ చూస్తూ తలలు లెక్కపెట్టేవాడివి కదా. "ఓట్లు రావురా వీళ్ళకి. అయినా మంచులో కూడా టైమ్‌కి వస్తారు చూడు" అనేవాడివి. నీకు రష్యన్ ఒక్క ముక్క రాదు... మరి అంతసేపు ఏం వినేవాడివి?

ప్రతి మేడేకి వాళ్ళకి వీడియో పంపేవాళ్ళం. ఇక్కడ అమెరికాలో, అరోరా ఊళ్ళో మన ఇంటి ముందు, బాస్కెట్‌బాల్ హూప్‌కి ఎర్ర జెండా కట్టి, తెలుగులో నీ స్పీచ్. ఫోన్ పట్టుకునేది నేను. ఎదురింటాయన అది ఏ టీమ్ జెండా అని అడిగితే "లూజింగ్ టీమ్ సార్... ఆల్వేస్ లూజింగ్!" అన్నావు, గుర్తుందా? పాపం, నీ భుజం తట్టి వెళ్ళాడు.

ఒక్కసారి కూడా రిప్లై రాలేదు. "బిజీగా ఉంటార్రా" అనేవాడివి.

మరి ఈ మేడేకి ఎవరు పంపాలి? క్లాస్‌లో నా పేరు పిలిస్తేనే నాకు గొంతు రాదు, నీకు తెలుసు. కానీ పంపకపోతే నువ్వు మానేశావనుకుంటారు కదా... అది నాకు నచ్చలేదు.

జెండా కట్టా. ఫోన్ చెత్త డబ్బా మీద నిలబెట్టా. గాలికి జెండా వచ్చి నా మొహం మీదే పడుతోంది. "మా తాత లేడు, అందుకే నేనొచ్చా, హ్యాపీ మేడే" అన్నా. అంతే తాతా, ఇంకేం రాలేదు.

వీడియో కింద నా మాటలు రష్యన్‌లో రాసిపెట్టింది ఎవరో తెలుసా? పక్కింటి గలీనా ఆంటీ! "ఆ దేశం నుంచి పారిపోయి వచ్చిన నా ముందే ఆ పార్టీని మెచ్చుకుంటావా" అని, నీ గారెలు తింటూనే నిన్ను తిట్టేది కదా, ఆవిడే. రాస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.

నిన్న వాళ్ళ వీడియో వచ్చింది. వానలో గొడుగులేసుకుని నిలబడ్డారు. ముందున్న బామ్మ చేతిలో నీ ఫోటో తాతా! మన వీడియోలోంచి తీశారు... నీ తల మీద హూప్ కూడా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్ళు రష్యన్‌లో చెప్పింది గలీనా ఆంటీ నాకు ఇంగ్లీషులో చెప్పింది. ప్రతి ఏడూ మీటింగ్‌లో ముందు నీ వీడియోనే వేసేవాళ్ళట. ఒక్క ముక్క అర్థం కాదట. అయినా ఈయన టైమ్‌కి వస్తాడు చూడండి అనుకునేవాళ్ళట!

ఆంటీ కళ్ళు తుడుచుకుని, అయినా అది పిచ్చి పార్టీయే అంది. తర్వాత గారెలున్నాయా అని అడిగింది.

నేనూ తలలు లెక్కపెట్టా తాతా. ఈసారి నీతో కలిపి ఒకటి పెరిగింది.

వచ్చే మేడేకి టైమ్‌కి ఉంటా. స్పీచ్ కొంచెం పెద్దది చెప్తాలే.

నీ కెమెరామాన్