డెబ్బై డిగ్రీలకీ విరగనిది

రాజమండ్రి, గురువారం

వేడినీటి ఊటల్లో బతికే బాక్టీరియాకి సోకే వైరస్ తాలూకు ఎంజైము రెండేళ్లకి ఇవాళ దొరికింది. ట్యూబుని డెబ్బై డిగ్రీల్లో అరగంట ఉంచితే, మిగతా ప్రొటీన్లన్నీ పాలు విరిగినట్టు తెల్లగా అడుక్కి దిగాయి. అలవాటుకొద్దీ పై తేటని సింకులో పోయబోయి ఆగాను. పరీక్షిస్తే ఎంజైము ఆ తేటలోనే ఉంది, చెక్కుచెదరకుండా. ల్యాబులో చూపించడానికి ఎవరూ లేరు.

మెట్ల దగ్గర ఇంటి ఓనరు సత్యవతిగారు కనబడితే ఆపి మరీ చెప్పాను.

"అంత కాచినా విరగలేదాండీ!" అని బుగ్గలు నొక్కుకున్నారు. "మరి మీ వాళ్లకి చెప్పారా?"

"చెప్పానండి" అనేశాను.

గదికొచ్చాక, ట్యూబు ఫొటో పంపుదామని ఫోన్లో పేర్లన్నీ చివరిదాకా చూశాను. ఫొటోలో అది మామూలు నీళ్లలాగే ఉంది. నా నంబరుకే పంపుకున్నాను.