నీ ఒక్కపొద్దులు

అత్తా,

నీ సంవత్సరీకం పెట్టిన మరుసటి రోజే మన రాజుపాళేనికి పిల్లల ఆకలి సర్వే వచ్చింది. ఊరూరా కొలుస్తున్నారట. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన అమ్మాయి మన చిన్నదాని జబ్బకు టేపు చుట్టింది. పచ్చరంగు దగ్గర ఆగింది.

"పాప బాగుందక్కా," అని మెచ్చుకుని అడిగింది: "తిండి చాలక ఇంట్లో పెద్దోళ్ళెవురన్నా పస్తుంటాండారా?"

పోయినసారి సర్వేకి నువ్వే జవాబిచ్చావు. "పస్తేందమ్మా, నాది ఒక్కపొద్దు," అని నవ్వావు. మొదట్లో శనివారం ఒక్కటే ఉండేదానివి. వానలు మొహం చాటేసిన ఏడాది సోమవారం, గురువారం కూడా మొదలుపెట్టావు. నీ సంగటి ముద్ద పిల్లల కంచాల్లోకి పోయేది. ఏ దేవునికని మేమెవరం అడగలేదు.

ఈమధ్య నేనూ సోమవారాలు ఉంటున్నాను. అందుకే నీ మాటే నా నోటిదాకా వచ్చింది. పాప జబ్బకున్న ఆ పచ్చరంగు చూసి మింగేశాను.

"నేనుంటాండా. ఒక్కపొద్దు కాదు, పస్తే. రాసుకో," అన్నాను.

ఆమె రాసుకుంది.

"ఇంకెవురన్నా ఉండారా?"

నీ పేరు చెప్పాను. నీ సంగతంతా విని, ఆ అమ్మాయి రాయడం ఆపింది.

"బతికుండేవాళ్ళవే రాసుకుంటామక్కా," అంది.

నీ కోడలు