అమ్మ వైపు కథ

ఆత్మకూరు,
20-3-1984.

నాయనకు, చెంచులక్ష్మి రాసేది.

ఉదయగిరికి వచ్చేయమని నువ్వు పంపిన కబురు అందింది. 31వ తేదీ శనివారం హాస్టలు మూసేస్తారు. అమ్మ పోయాక నాకు వేరే ఇల్లు లేదు, నిజమే. అయినా వార్డెన్‌ను బతిమాలుకుని ఇక్కడే ఎక్కడైనా ఉండాలి గానీ ఉదయగిరి మాత్రం రాకూడదనుకున్నాను. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నానంటే మా ఇంగ్లీషు క్లాసే కారణం.

కమాలుద్దీన్ సార్ ఈ నెలంతా కథ రాయడానికి కావలసిన మాటలు నేర్పిస్తున్నారు. ప్లాటు, క్యారెక్టరు, క్లైమాక్సు అయిపోయి పాయింట్ ఆఫ్ వ్యూ దగ్గరికి వచ్చాం. "చెప్పే మనిషి మారితే అదే కథ ఇంకో కథ అయిపోతాది. మీకు ఎవరి మీద ఒళ్లు మండతా ఉండాదో, వాళ్లయి రాసుకొని రాండి" అన్నారు. నాకు ఎవరి మీద మండుతుందో నీకు చెప్పనక్కర్లేదు. నువ్వు మమ్మల్ని వదిలేసి, నువ్వు నడిపే బస్సులోనే పెట్టె వేసుకుని వెళ్లిన రోజు గురించి రాశాను. నీతో కాపురానికి బయలుదేరి నీ వెనక సీట్లో కూర్చున్న శీనమ్మగారినై రాశాను. బస్సు వెనక ఒక చిన్నపిల్ల "నాయనా" అంటూ పరిగెత్తుతోంది. శీనమ్మగారిని చెడ్డదాన్ని చేద్దామని ఎంత చూసినా కలం సాగలేదు. చివరికి ఆమె చేత "బిడ్డ వస్తా ఉండాది, ఆపయ్యా" అనిపించాను. సార్ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు.

నిజంగా ఎవరైనా ఆపమన్నారా నాయనా? అద్దంలో నేను నీకు కనిపించానా? నీ జవాబును బట్టే నేను వచ్చేదీ రానిదీ.

చెంచులక్ష్మి

ఉదయగిరి,
22-3-1984.

అమ్మా చెంచులక్ష్మీ,

శీనమ్మ ఆపమన్న మాట నిజం. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నువ్వు అద్దంలో కనిపించావు. మలుపు దాటాక బస్సు ఆపాను. ప్యాసింజర్లు అరుస్తున్నా వినకుండా, ఇంజినైనా ఆపకుండా దిగి ఇంటికి పరిగెత్తాను. అప్పటికే నువ్వు ఏడుస్తూ మీ అవ్వ దగ్గరికి పోయావట. మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "బిడ్డకు నీ మొహం చూపించమాక, పో" అని తలుపేసింది. నేను తిరిగి వచ్చిన సంగతి ఆమె నీకు చెప్పలేదని నాకు తెలుసు. పోయిన మనిషి మీద చెప్పడం ఎందుకని నోరు మూసుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి రాశాను. ఆ శనివారం సాయంత్రం నా బస్సు ఆత్మకూరు స్టాండులో ఉంటుంది.

మీ నాయన,
గోవిందయ్య

ఆత్మకూరు,
24-3-1984.

నాయనా,

నీ ఉత్తరం చదివాక అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్లు నేను నిన్ను తిట్టుకుంటుంటే వింటూ కూర్చుంది గానీ, ఆ ఒక్క ముక్క చెప్పలేదు. అడుగుదామంటే జవాబు రాయడానికి అమ్మ లేదు. సార్ చెప్పిన లెక్కన ఇప్పుడు నేను అమ్మనై రాయాలి. ఏడుస్తూనే ఇలా రాశాను: గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు రొప్పుతూ వచ్చావు. ఉండిపోవడానికే వచ్చావనుకున్నాను. అంతలో మలుపు అవతల నుంచి నీ బస్సు ఇంజిను చప్పుడు వినిపించింది. తలుపు వేసేశాను.

వచ్చే శనివారం వస్తాను. చిన్నమ్మకు చెప్పు. నువ్వు మాత్రం స్టాండులో ఇంజిను ఆపి కూర్చో నాయనా.

నీ కూతురు,
చెంచులక్ష్మి