ముందు దాటవలసినవాడు

జనవరి 9, 1954. శనివారం

పాలు పన్నెండు లీటర్లు. గుడ్లు నాలుగే, చలికి కోళ్ళు సగం మానేశాయి. వారానికి సరిపడా రొట్టెలు కాల్చాను. పొయ్యిలోని బూడిద ఎత్తి, కాలు జారకుండా వాకిట్లో చల్లాను. ఓస్మండ్ చేతి తొడుగులకు అతుకులు వేశాను.

ఈ రోజుతో సరస్సు మీద రోడ్డు పూర్తయింది. మామగారి కాలం నుంచి ఇది మా ఇంటి పని. ఐస్ గట్టిపడగానే మా ఒడ్డు నుంచి చర్చి ఒడ్డు దాకా కన్నాలు చేసి, చిన్న చిన్న స్ప్రూస్ చెట్లు వరసగా నాటుతాం. ఎంత మంచు కురుస్తున్నా జనం ఆ వరస పట్టుకుని దాటుతారు. నాటినవాడే బరువుతో ముందు దాటాలి. అతను దాటేదాకా ఇంకెవరూ ఐస్ మీద అడుగు పెట్టరు. ఓస్మండ్ మా గుర్రం బ్రూనాకి మంచు మీద జారే స్లెడ్జి బండి కట్టి, రెండు బస్తాల బంగాళాదుంపలు వేసుకుని దాటాడు. అతని చిన్నాన్న కొడుకు ఎంబ్రెట్ అవతలి ఒడ్డున కాఫీతో నిలబడి, అన్నయ్యా, మునిగేటట్టుంటే ముందు దుంపలు ఇటు విసిరెయ్, అని అరిచాడట.

మా అడవిలో చిన్న చెట్లు అయిపోయాయి. ఈసారి ఎంబ్రెట్ దగ్గర తెచ్చాం. ఐస్ కరిగేముందు పీకి తిరిగిస్తే వాళ్ళు రొట్టెల పొయ్యిలో వేసుకుంటారు. బాకీ: స్ప్రూస్ చెట్లు, అరవై. ఇది కూడా రాస్తావా వదినా, చెట్లేమన్నా లేచిపోతాయా, అని ఎంబ్రెట్ నవ్వాడు. రాశాను.

జనవరి 14

అవతలి ఒడ్డున ముసలి గూరో అంత్యక్రియలు. ఆమె గేటు ముందు బాటంతా స్ప్రూస్ కొమ్మలు నరికి పరిచారు. శవపేటిక వాటి మీదుగా వెళ్ళింది. పచ్చి వాసన మంచులో చాలాసేపు నిలిచింది.

తిరిగి వస్తూ ఓస్మండ్, ఎవరు పోయారు, అని అడిగాడు. చెప్పాను. మా ఒడ్డు చేరేలోగా మళ్ళీ అడిగాడు.

ఉప్పు డబ్బాలో చక్కెర. ఈ నెలలో రెండోసారి.

జనవరి 19

సరస్సు మధ్యలో రోడ్డు ఒకచోట పక్కకు వంగింది. ఏడెనిమిది చెట్లు ఏరు వచ్చి కలిసే మూల వైపు జరిగి ఉన్నాయి. పిల్లల అల్లరి అనుకున్నాను. అక్కడ గొడ్డలితో కొట్టి చూశాను. రెండో దెబ్బకే నీళ్ళు పైకి వచ్చాయి. ఏటికి ఎగువన కరెంటు కోసం ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఆ మూల ఐస్ నమ్మడానికి లేదు. చలికాలమంతా నీళ్ళు వదులుతూనే ఉంటారు.

మధ్యాహ్నం ఎంబ్రెట్ పాల క్యాన్లతో దాటే వేళ. అన్నీ పీకి, పాత చోట కన్నాలు చేసి, చుట్టూ నీళ్ళు పోసి నిలబెట్టాను. చివరి చెట్టు చుట్టూ నీళ్ళు ఇంకా గడ్డకట్టకముందే అతను వచ్చాడు. ఏదో పాడుకుంటూ, నా వైపు టోపీ ఊపి వెళ్ళిపోయాడు.



జనవరి 20

పొద్దున్నే ఓస్మండ్ తొడుగులు పొయ్యి పక్కన ఆరుతున్నాయి. నేను ఉతకలేదు.

జనవరి 22

వెలుతురు రాకముందే ఓస్మండ్ బయటికి వెళ్ళాడు. వెనకాలే వెళ్ళాను, కట్టెల కొట్టం దాకా.

వెన్నెల్లో చర్చి శిఖరం వైపు ఒకసారి, ఏటి మూల భూర్జ చెట్టు వైపు ఒకసారి చూసి గురి కుదుర్చుకుంటున్నాడు. అవి మామగారి గుర్తులు. ఆనకట్ట లేనప్పటి రోడ్డు అటుగానే వెళ్ళేది. ఒక్కొక్క చెట్టునూ నిటారుగా నిలబెట్టి, కొమ్మల మీది మంచు దులిపాడు. అతని నడుము వంగకుండా, చేయి తడబడకుండా ఉండడం నెలల తర్వాత చూశాను. చొక్కా గుండీలు నేను పెడితే తప్ప పెట్టుకోలేని మనిషి.

పిలవలేదు. లోపలికి వచ్చి పాలు పితికాను. అతను గంజి తిని నిద్రపోయాక వెళ్ళి, అన్నీ వెనక్కి మార్చాను.

జనవరి 24. ఆదివారం

పాస్టరుగారు ఓర్పు గురించి చెప్పారు. చక్కగా చెప్పారు. ఓర్పుకీ పిరికితనానికీ మధ్య ఈ చెట్లు ఎక్కడ నాటాలో మాత్రం చెప్పలేదు.

జనవరి 28

మళ్ళీ మార్చాడు. మళ్ళీ మార్చాను. కుడి మణికట్టు వాచింది.

భోజనాల దగ్గర ఓస్మండ్, నా రోడ్డు ఎవడో కదిలిస్తున్నాడు, అన్నాడు. మనమంటే ఎవరికి పడదు రాగ్న్‌హిల్డ్, నువ్వెవరితోనైనా మాట తూలావా, అని అడిగాడు. చేప చల్లారిపోతోంది, తిను, అన్నాను. తిన్నాడు. అతని మీద అతనికే నమ్మకం పోకూడదని, లోకమంతటి మీదా పోయేట్టు చేస్తున్నాను.

జనవరి 30

ఎంబ్రెట్‌కి చెప్పేశాను. ముందు నవ్వాడు. అన్నయ్యకి రోడ్ల డిపార్టుమెంటులో ఉద్యోగం ఇప్పించాలి వదినా, రోజుకో కొత్త రోడ్డు వేస్తున్నాడు, అన్నాడు. తర్వాత నవ్వు ఆపి సరస్సు వైపు తిరిగాడు.

అతని చేతిలోంచి గొడ్డలి లాక్కుందాం, హామర్ పట్నం తీసుకెళ్ళి డాక్టరుకి చూపిద్దాం, అన్నాను. ఎంబ్రెట్ ఒప్పుకోలేదు. నేను పుట్టినప్పటి నుంచి మీ ఇంటివాళ్ళ మాట మీద ఐస్ దాటుతున్నాం, ఆ పని తీసేస్తే మనిషిలో ఇంకేం మిగులుతుంది, నువ్వే చెప్పు, అన్నాడు. రోజూ తెల్లవారకముందు తనే వచ్చి సరిచేస్తానన్నాడు. నువ్వు పడుకో వదినా, నీ మొహం చూడు, పిండి మూటలా ఉంది, అన్నాడు.

సాయంత్రానికల్లా రెండు ఒడ్లవాళ్ళకీ తెలిసిపోయింది. ఎవరూ బయటపడరు. రోడ్డు భేషుగ్గా ఉంది ఓస్మండ్, అంటూ టోపీలు తీస్తారు. ఇంతమంది మంచితనం ఒక్క మనిషి మీద.

జున్ను గడ్డ ఒకటి ఎంబ్రెట్ ఇంటికి పంపాను. చాలా రోజులకు నిద్రపట్టింది.

ఫిబ్రవరి 2. దీపాల పండుగ

చలికాలం నడిమధ్య. కొట్లలో నిల్వలు చూసుకునే రోజు. గడ్డి సగానికి కొంచెం ఎక్కువే ఉంది. దుంపలు సగం. ఉప్పుమాంసం సగం. కట్టెలు సరిపోతాయి. ఓస్మండ్ ఎంత మిగిలాడో చూడడానికి కొలత లేదు.

చర్చికి కొవ్వొత్తులు ఇచ్చి వచ్చాం. దారిలో అందరూ టోపీలు తీశారు. ఓస్మండ్ ఎవరికీ బదులివ్వలేదు. ఇంటికొచ్చాక కిటికీ దగ్గర కూర్చుని, వాళ్ళందరూ నా వంక పసివాడి వంక చూసినట్టు చూస్తున్నారు, అన్నాడు. ఆ వెంటనే, రోడ్డు కదిలిందంటే అది కొత్త రోడ్డు కిందే లెక్క, కొత్త రోడ్డు నాటినవాడే ముందు దాటాలి, నేను దాటకుండానే ఇన్నాళ్ళూ జనాన్ని పోనిస్తున్నాను, ఎవడికైనా ఏమైనా అయితే ఆ పాపం మనింటిదే, అన్నాడు.

కదిలిస్తున్నది నువ్వేనని ఆ క్షణంలో చెప్పేయవలసింది. నోటిదాకా వచ్చింది. మంచు కురుస్తోంది, రేపు చూద్దాంలే, అన్నాను.

సరే, అన్నాడు. చిన్నపిల్లాడిలా.

ఫిబ్రవరి 3. ఉదయం 5

పక్క చల్లగా ఉంది. బ్రూనా కొట్టంలోనే ఉంది. దాని ముందు రెండు పూటల గడ్డి, వీపున దుప్పటి. చేత్తో తోసే స్లెడ్జి లేదు. రెండు బస్తాల దుంపలు లేవు.

వెళ్తున్నాను.

ఫిబ్రవరి 3. మధ్యాహ్నం

చెట్లు నిటారుగా ఉన్నాయి. వంక పెట్టడానికి లేదు. లాంతరు ఎత్తి ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. ఏటి మూల దగ్గర, చివరి చెట్టు చుట్టూ పోసిన నీళ్ళు ఇంకా గడ్డకట్టలేదు. దాని తర్వాత నల్లటి నీళ్ళు.

అవతలి నుంచి నా కేక విని ఎంబ్రెట్ నిచ్చెన ఈడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. తలమీద టోపీ లేదు. వాళ్ళ ఆవు ఈనిందట. ఈ ఒక్క రోజే ఆలస్యమైంది వదినా, ఈ ఒక్క రోజే, అని అంటూనే ఉన్నాడు. నేను చూస్తుండగానే ఆ చెట్టు ఒరిగి, నీళ్ళలోకి జారింది.

పదకొండింటికి ఓస్మండ్‌ని కొక్కేలతో బయటికి తీశారు. తొడుగులు చేతులకే ఉన్నాయి.

బస్తాలు తీసుకెళ్ళాడు. గుర్రాన్ని తీసుకెళ్ళలేదు. ఐస్ మీద నమ్మకం ఉన్నవాడు బ్రూనాని ఎందుకు వదిలాడు? ఎంబ్రెట్‌ని అడిగాను. బ్రూనాకి నీళ్ళు పెట్టడానికి కొట్టంలోకి వెళ్ళాడు.

ఫిబ్రవరి 9

పాలు పదకొండు లీటర్లు. గుడ్లు లేవు.

నిన్న రెండు ఒడ్లవాళ్ళూ కలిసి రోడ్డంతా పీకేశారు. ఈ చలికాలానికి ఇక ఎవరూ దాటరు. ఎంబ్రెట్ ఆ చెట్లను తన చేత్తోనే నరికి మా గేటు ముందు పరిచాడు. ఇవాళ ఓస్మండ్‌ని వాటి మీదుగా తీసుకెళ్ళారు, సరస్సు చుట్టూ ఉన్న దూరపు దారిలో.

ఒక చెట్టు తక్కువ, నీళ్ళలోకి జారినది. ఎంబ్రెట్ అడగలేదు.

స్ప్రూస్ చెట్లు, అరవై. బాకీ తీరింది.